మెట్లు దిగలేకపోతున్నాను.. ఏ పౌడర్ వాడాలి?

ప్రశ్న: నా వయసు 24, బరువు 55 కిలోలు. హనుమకొండలో హాస్టల్లో ఉండి కానిస్టేబుల్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్నాను. రెండు నెలలుగా పొద్దున గ్రౌండ్‌లో రన్నింగ్, లాంగ్‌జంప్ ప్రాక్టీసు, సాయంత్రం జిమ్. కాళ్ళ వర్కవుట్ చేసిన రోజు బాగానే ఉంటుంది. మర్నాటికి తొడలు, పిక్కలు పట్టేస్తాయి. ఆ తర్వాతి రోజు హాస్టల్ మెట్లు దిగాలంటే గోడ పట్టుకోవాల్సిందే. ఆ రెండు మూడు రోజులు రన్నింగ్ మానేస్తున్నాను. లాక్టిక్ యాసిడ్ పేరుకుపోయిందని, బీసీఏఏ, గ్లుటమైన్ వాడితే పోతుందని జిమ్ ట్రైనర్ చెబితే రెండూ కలిపి కాంబో కొన్నాను. దాంతో ఒక ఫ్యాట్ బర్నర్ డబ్బా ఫ్రీగా ఇచ్చారు. బీసీఏఏ సగం అయిపోయింది, పెద్దగా తేడా లేదు. ఇప్పుడు వే ప్రొటీన్, ఒమేగా 3 కూడా కొనమంటున్నారు. అమ్మేమో పసుపు పాలు తాగితే చాలంటోంది. మరీ భరించలేకపోతే మెడికల్ షాపులో పెయిన్ కిల్లర్ తెచ్చుకుని వేసుకుంటున్నాను. గుడ్డు తింటాను, మాంసం తినను. నిజంగా పనిచేసే సప్లిమెంట్ ఏది? ఫ్రీగా వచ్చిన డబ్బా వాడొచ్చా?
- ఒక సోదరి, హనుమకొండ

జవాబు: మీ ట్రైనర్ చెప్పిన మొదటి మాటే తప్పు కాబట్టి అక్కణ్నుంచే మొదలుపెడదాం. ఈ నొప్పి లాక్టిక్ యాసిడ్ వల్ల వచ్చేది కాదు. గట్టిగా పరిగెత్తినప్పుడు రక్తంలో లాక్టేట్ పెరిగే మాట నిజమే. కానీ ఆగిన గంటా గంటన్నరలో అది మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మీకు నొప్పి మొదలయ్యేది మర్నాడు, ముదిరేది ఆ తర్వాతి రోజు. అప్పటికి పాపం లాక్టిక్ యాసిడ్ ఊళ్ళోనే ఉండదు. అయినా జిమ్‌లలో ఇప్పటికీ నేరమంతా దాని మీదే వేస్తున్నారు.

జరిగేది వేరు. కండరం బిగిసి ఉండగానే సాగాల్సి వచ్చినప్పుడు లోపలి పోగులు సూక్ష్మంగా దెబ్బతింటాయి. స్క్వాట్‌లో కిందికి దిగేటప్పుడు, ఒక కాలు ముందుకేసి వంగే లంజ్‌లో మోకాలు వంచేటప్పుడు, లాంగ్‌జంప్‌లో నేల మీద పడేటప్పుడు తొడ కండరం చేసే పని అదే. ఒకపక్క సాగుతూ, మరోపక్క ఒళ్ళు కూలిపోకుండా పట్టి ఆపుతుంది. తిరుమల కాలినడకన వెళ్ళొచ్చిన వాళ్ళని అడిగి చూడండి. అలిపిరి దారిలో 3,550 మెట్లు ఎక్కినప్పుడు ఆయాసంతో ఆగి ఆగి వెళ్తారు. అవే మెట్లు నడిచి దిగిన వాళ్ళకు మాత్రం మర్నాడు తొడలు పట్టేస్తాయి. ఎక్కడం కష్టమనిపించినా, కండరానికి ఎక్కువ దెబ్బ తగిలేది దిగడంలోనే.

ఆ దెబ్బను బాగుచేసుకోవడానికి శరీరం అక్కడికి రక్తకణాలను పంపుతుంది, కొంచెం వాపు వస్తుంది, నరాల కొసలు సున్నితమవుతాయి. ఇదంతా జరగడానికి టైం పడుతుంది కాబట్టే నొప్పి ఆలస్యంగా వస్తుంది. రెండో రోజు, మూడో రోజు పతాక స్థాయిలో ఉండి, వారం లోపల దానంతటదే పోతుంది. థియోడర్ హఫ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1902లోనే ఈ ఆలస్యపు నొప్పి గురించి రాశారు. ఇది అలసట కాదనీ, కండరం లోపల జరిగిన చిన్న గాయమనీ ఆయన అప్పుడే ఊహించారు.

ఒకసారి ఇలా నొప్పి పుట్టించిన పనినే వారం పది రోజుల తర్వాత మళ్ళీ చేస్తే నొప్పి బాగా తక్కువ వస్తుంది. కండరం ఆ పనికి తయారైపోతుంది, ఆ రక్షణ కొన్ని వారాలపాటు ఉంటుంది. ఈ పని ఇంత బాగా చేసే పౌడర్ ఏదీ ఇంకా మార్కెట్లోకి రాలేదు. మరి మీకు రెండు నెలలైనా ఎందుకు తగ్గలేదు? మీ ఉత్తరంలోనే జవాబుంది. నొప్పి వచ్చినప్పుడల్లా రెండు మూడు రోజులు పూర్తిగా మానేస్తున్నారు, తగ్గగానే పోయిన రోజులన్నీ కలిపి ఒక్కసారే చేస్తున్నట్టున్నారు. దానికితోడు వారం వారం బరువులో, సెట్లో, కొత్త వ్యాయామాలో మారుతూ ఉంటే కండరానికి ప్రతి సోమవారమూ మొదటి రోజే అవుతుంది.

ఇక్కడ ఒక్క లెక్క చూడండి. 2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్ ప్రకారం తెలంగాణలో మహిళా అభ్యర్థులు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తి చేయాలి. లాంగ్‌జంప్ రెండున్నర మీటర్లు, 4 కిలోల షాట్‌పుట్ 4 మీటర్లు వేయాలి. 800 మీటర్లకు ఆ టైం అంటే గంటకు 9 కిలోమీటర్ల వేగం. అది స్ప్రింట్ కాదు, ఆగకుండా చేసే జాగింగ్. దానికి కావలసింది తొడలు కదలనంతగా చేసే లెగ్ డే కాదు, వారంలో ఎక్కువ రోజులు గ్రౌండ్‌కు వెళ్ళగలగడం. ఇప్పుడు మీ జిమ్ మీ రన్నింగ్‌ను మింగేస్తోంది. ఆ రెండున్నర మీటర్ల జంప్ కోసం కాళ్ళకు బలం కావాలి, ఒప్పుకుంటాను. అందుకని కాళ్ళ వర్కవుట్ పూర్తిగా మానవద్దు. సెట్లు సగానికి తగ్గించండి. ఒకసారి కాళ్ళ వర్కవుట్ చేశాక మళ్ళీ చేయడానికి కనీసం రెండు రోజుల ఎడం ఉంచండి. రెండు మూడు వారాలు అవే వ్యాయామాలు, అవే బరువులు. నొప్పి ఉన్న రోజు గదిలో పడుకోకుండా గ్రౌండ్‌కు వెళ్ళి నడవండి, వీలైతే మెల్లగా జాగింగ్ చేయండి. కాసేపటికి కాళ్ళు వదులవుతాయి. ఈవెంట్స్ (ఈ పరుగు, జంప్ పరీక్షలు) తేదీ వచ్చాక చివరి వారం బరువులతో స్క్వాట్స్ అసలు వద్దు.

ఇక డబ్బాల సంగతి.

బీసీఏఏ అంటే లూసిన్, ఐసోలూసిన్, వాలిన్ అనే మూడు అమైనో ఆమ్లాలు, అంటే ప్రొటీన్ కట్టడానికి వాడే ఇటుకల్లాంటివి. వ్యాయామం తర్వాతి నొప్పి వీటివల్ల కొద్దిగా తగ్గిందని కొన్ని ప్రయోగాల్లో తేలింది. నేను దాన్ని కొట్టిపారేయను. కానీ కండరం కట్టడానికి శరీరానికి బయటినుంచి తప్పనిసరిగా అందాల్సినవి మూడు కాదు, తొమ్మిది. ఆ తొమ్మిదీ గుడ్డులో, పాలలో ఉన్నాయి, అందులో ఈ మూడూ ఉన్నాయి. రోజూ తినే తిండిలో ప్రొటీన్ సరిపోతే బీసీఏఏ కొత్తగా చేసేదేమీ లేదు, సరిపోకపోతే ఆ మూడింటితో లోటు తీరదు. మీకు తేడా కనిపించకపోవడానికి కారణం ఇదే అనుకుంటున్నాను. గ్లుటమైన్ కూడా ఒక అమైనో ఆమ్లమే, దాన్ని మన శరీరమే తయారు చేసుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికి నొప్పి తగ్గడం కోసం దాన్ని కొనమని నేనైతే చెప్పను.

విటమిన్ సి, ఇ లాంటి యాంటీ ఆక్సిడెంట్ల మీద 2017లో వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ ఒక పెద్ద సమీక్ష ప్రచురించింది. 50 ప్రయోగాలు, వెయ్యికి పైగా మనుషులు. నొప్పిలో వచ్చిన తేడా కాగితం మీద కనిపించేంతే తప్ప మనిషికి తెలిసేంత లేదని తేల్చారు. పైగా ఈ రెండు విటమిన్లనూ పెద్ద మోతాదులో రోజూ మింగితే వ్యాయామం వల్ల శరీరంలో రావలసిన మంచి మార్పులే కొంత మందగిస్తాయని వేరే పరిశోధనల్లో బయటపడింది. నిమ్మకాయ, జామకాయ తినడానికి ఈ భయం అక్కర్లేదు, నేను చెప్పేది మాత్రల గురించి. ఒమేగా 3 వారాల తరబడి వాడితే కొందరిలో కాస్త ఫలితం ఉంది, కొందరిలో లేదు. మీ బడ్జెట్‌లో దానికి చోటు లేదు. విదేశాల్లో మారథాన్ పరిగెత్తేవాళ్ళ మీద పుల్ల చెర్రీల రసం పరీక్షిస్తే కాస్త మేలు కనిపించింది. మన దగ్గర అది దిగుమతి సరుకు, ఆ డబ్బుతో మీకు నెలకు సరిపడా గుడ్లు వస్తాయి.

క్రియాటిన్ గురించి మీరు అడగలేదు కానీ, తర్వాతి కాంబోలో అదే ఉంటుంది కాబట్టి ఇప్పుడే చెబుతున్నాను. అది స్టెరాయిడ్ కాదు, కండరాల్లో సహజంగా ఉండే పదార్థమే. రోజుకు 3 నుంచి 5 గ్రాములు తీసుకుంటే బలం పెరుగుతుందని గట్టి ఆధారాలున్న కొద్ది సప్లిమెంట్లలో అదొకటి. అయితే మీరడిగిన నొప్పికి అది మందని చెప్పలేం. కండరాల్లో నీరు చేరి ఒకటి రెండు కిలోల బరువు పెరగొచ్చు, 800 మీటర్లకు అది దండగ. వాడుతూ రక్త పరీక్ష చేయించుకుంటే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే కొలత) కాస్త ఎక్కువ చూపించి కిడ్నీ జబ్బేమోనని టెన్షన్ పెడుతుంది కూడా.

అమ్మ మాట దగ్గరికి వద్దాం. పసుపులోని కర్‌క్యుమిన్ ఈ తరహా నొప్పిని కొంత తగ్గిస్తుందని చిన్న చిన్న ప్రయోగాల్లో కనిపించింది. అంటే అమ్మ చెప్పింది వట్టి మాట కాదు. మోతాదు దగ్గరే చిక్కు. పసుపులో కర్‌క్యుమిన్ ఉండేది సుమారు 3 శాతం. చెంచాడు పసుపు పాలలో కలిపినా వంద మిల్లీగ్రాములు దాటదు, అందులోనూ ఒంటికి పట్టేది కొంచెమే. ప్రయోగాల్లో వాడింది చాలావరకు ఇంతకంటే ఎక్కువ మోతాదు. చిటికెడు మిరియాల పొడి వేస్తే ఒంటికి పట్టేది బాగా పెరుగుతుంది. మన పెద్దవాళ్ళు పసుపు పాలలో మిరియాలు వేయడం ఊరికే పోలేదు. అలాగని ఎక్కువ పసుపు ఉన్న క్యాప్సూల్స్ వెతుక్కోవద్దు. మిరియాల సారం కలిపి గాఢత పెంచిన పసుపు మాత్రల వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు అమెరికాలో, ఇటలీలో నమోదయ్యాయి. గ్లాసు పాలు హాయిగా తాగండి. మీకు అందులో పసుపు కంటే పాలే ఎక్కువ మేలు చేస్తాయి.

ఎందుకంటే మీకు తక్కువ పడుతున్నది ప్రొటీనే అని నా అనుమానం. మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం మామూలు మనిషికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. మీ బరువుకు 46 గ్రాములు. మీరు చేస్తున్నంత వ్యాయామం చేసేవాళ్ళకు కిలోకు 1.4 నుంచి 1.6 గ్రాములు ఉంటే మంచిది, అంటే 77 నుంచి 88 గ్రాములు. పొద్దున ఇడ్లీయో ఉప్మానో, మధ్యాహ్నం నీళ్ళ పప్పు, రాత్రి అన్నం కూర అయితే 35, 40 గ్రాములు రావడం గగనం. మాంసం తినకపోయినా మిగతాది పూడ్చుకోవచ్చు, హాస్టల్ గదిలో పొయ్యి లేకపోయినా పూడ్చుకోవచ్చు. ఉడికించిన గుడ్లు మూడు తింటే 18 గ్రాములు. అరలీటరు పాలు, లేదా పాలు కొంత పెరుగు కొంత, 15 గ్రాములు. గుప్పెడు పల్లీలు ఏడెనిమిది గ్రాములు. యాభై గ్రాముల పుట్నాలు పది గ్రాముల పైన. హాస్టల్లో మీల్ మేకర్ కూర వండిన రోజు మొహమాటపడకుండా రెండోసారి వేయించుకోండి. ఎండు మీల్ మేకర్‌లో సగానికి సగం ప్రొటీనే. ఇదంతా రాత్రికి ఒకేసారి కుక్కకుండా పూటకు కొంత చొప్పున పంచండి. అన్నం మాత్రం తగ్గించవద్దు. ఫిట్‌నెస్ పేరుతో చాలామంది అమ్మాయిలు ముందు అన్నం మానేస్తారు. పరుగుకు ఇంధనం అదే.

వే ప్రొటీన్ చెడ్డదేమీ కాదు, పాల నుంచి తీసిందే. ఒక స్కూప్‌లో దాదాపు 24 గ్రాములు ఉంటుంది. గుడ్లు, పాలు కుదరని రోజున అది ఒక సౌకర్యం, అంతే. కండ పెంచడానికి ప్రొటీన్ పౌడర్ల వెంట పడవద్దని అదే పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. అదే ఏడాది మన దేశంలో అమ్ముడయ్యే 36 రకాల ప్రొటీన్ పౌడర్లను పరీక్షిస్తే దాదాపు 70 శాతం డబ్బాల్లో లేబుల్ మీద రాసిన ప్రొటీన్‌కూ లోపల ఉన్నదానికీ పొంతన లేదు. కొన్నింటిలో బూజు విషాలు కూడా దొరికాయి. అయినా కొనాలనుకుంటే జిమ్ కౌంటర్ దగ్గర సీలు లేని డబ్బా తీసుకోవద్దు. ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు, తయారీ తేదీ, బిల్లు ఉన్నాయో లేదో చూసుకోండి.

ఇంకో అనుమానం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతానికి పైగా రక్తహీనత ఉంది. ఒళ్ళు హూనమైపోవడం, పరుగులో త్వరగా ఆయాసం రావడం దానివల్ల కూడా కావచ్చు. రెండో కాంబో కొనే ముందు హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), విటమిన్ డి పరీక్షలు చేయించండి. హిమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే డాక్టరు రాసే ఐరన్ మాత్రే మీకు అసలైన సప్లిమెంట్. ఐరన్ వేసుకున్నాక, భోజనం చేశాక గంటసేపు టీ తాగవద్దు. విటమిన్ డి లోపం ఉంటే ఒళ్ళు నొప్పులు రావచ్చు. దానికి ఇచ్చే 60,000 యూనిట్ల సాచెట్ సాధారణంగా వారానికి ఒకటి, అదీ కొన్ని వారాలే. రోజూ వేసుకుని రక్తంలో కాల్షియం పెరిగిపోయి ఆస్పత్రి పాలైన వాళ్ళున్నారు. నెలసరి తప్పుతోందా అన్నది కూడా గమనించుకోండి. తిండి చాలకుండా వ్యాయామం పెంచితే ముందు కనిపించే గుర్తుల్లో అదొకటి.

ఉత్తరంలో నన్ను అన్నిటికంటే భయపెట్టింది పెయిన్ కిల్లర్. పేరు రాయలేదు కానీ మెడికల్ షాపులో ఒళ్ళు నొప్పులంటే ఇచ్చేది తరచుగా డైక్లోఫెనాకో ఐబుప్రోఫెనో అయి ఉంటుంది. ఎండలో చెమటోడ్చి, నీళ్ళు సరిగ్గా తాగకుండా, పైగా ఖాళీ కడుపున అవి వేసుకుంటే కడుపుకూ కిడ్నీలకూ దెబ్బ. ఇంకో ప్రమాదం ఉంది. నొప్పి తెలియకుండా చేసి పరిగెత్తితే ఎముకకు వచ్చే చిన్న పగులు కూడా తెలియదు. తేడా ఇలా పట్టుకోవచ్చు. కండరం నొప్పి రెండు కాళ్ళలో, తొడంతా పరుచుకుని ఉంటుంది, కాస్త నడిస్తే తగ్గుతుంది. ముంగాలి ఎముక మీద ఒకేచోట వేలు పెట్టి ‘ఇక్కడే’ అని చూపించగలిగే నొప్పి, పరిగెత్తేకొద్దీ పెరిగే నొప్పి వేరే. అలాంటిది ఉంటే పరుగు ఆపి ఎముకల డాక్టరుకు చూపించండి. మామూలు నొప్పి రోజున వేడినీళ్ళ స్నానం, మెత్తగా మర్దన, రాత్రి ఏడెనిమిది గంటల నిద్ర చాలు. అన్నిట్లోకీ మర్దన బాగా పనిచేస్తుంది, రూమ్మేట్‌ను కాకాపట్టండి.

ఒక్క పరిస్థితిలో మాత్రం ఇవేవీ చేస్తూ కూర్చోకూడదు. విపరీతంగా వ్యాయామం చేసిన తర్వాత మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారినా, తొడలు రాయిలా వాచి కాలు ఎత్తలేకపోతున్నా ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి. కండరం విపరీతంగా చితికి, అందులోని పదార్థాలు రక్తంలో కలిసి కిడ్నీలను అడ్డుకునే స్థితి అది. సీపీకే అనే రక్త పరీక్షతో తెలుస్తుంది. వెంటనే సెలైన్ ఎక్కిస్తే చాలామంది కోలుకుంటారు.

ఇక మీ దగ్గరున్న డబ్బాలు. బీసీఏఏ సీలుతో వచ్చిన డబ్బాయే అయితే మిగిలింది అయిపోయేదాకా వాడుకోండి, హాని లేదు, మళ్ళీ కొనవద్దు. గ్లుటమైన్ తెరవకపోతే బిల్లు చూపించి తిరిగి ఇవ్వడానికి ప్రయత్నించండి. ఫ్యాట్ బర్నర్ మాత్రం మూత కూడా తీయవద్దు. 55 కిలోల మనిషికి కరిగించడానికి కొవ్వు ఎక్కడుంది? అలాంటి వాటిలో సాధారణంగా కెఫీన్ దట్టంగా ఉంటుంది, లేబుల్ మీద రాయని ఉత్ప్రేరకాలు కూడా కొన్నింటిలో బయటపడ్డాయి. గుండెదడ, నిద్రలేమి వస్తే మీ 800 మీటర్లు అక్కడే పోతాయి. ఫ్రీగా వచ్చింది కదా అని రూమ్మేట్‌కు కూడా ఇవ్వవద్దు. ట్రైనర్‌కే తిరిగిచ్చేసి, వచ్చే వారం నుంచి కాళ్ళ వర్కవుట్‌లో సెట్లు సగం చేయమని ఆయన్నే అడగండి.